మత్తు డాక్టరమ్మ కారు

పోయిన సోమవారం మా ప్రొద్దుటూరు ఆసుపత్రి మేడమీద మీటింగు జరిగింది. హైదరాబాదు నుంచి ఒక కంపెనీ తరఫున వచ్చినాయన, రోగులతో ఫోన్లో మాట్లాడే కంప్యూటరు సాధనం ఒకటి తెరమీద చూపిస్తున్నాడు. రోగి "కడుపునొప్పి" అంటే చాలు, అదే నాలుగు ప్రశ్నలడిగి, ఏ డాక్టరు దగ్గరికి పోవాలో చెబుతుంది. తెలుగు వార్తలు చదివినట్టు మాట్లాడుతోంది గానీ, బాగానే మాట్లాడుతోంది. అందరం తలలూపుతున్నాం. అప్పుడు వెనక వరసలోంచి ఒక నర్సు లేచింది. కమలాపురం అమ్మాయి. మా దగ్గర చేరి ఏడాది కూడా కాలేదు.

"సార్, ఇది లేక నిన్న మా వార్డులో ఎవురు ఏడ్సినారు సార్?" అని అడిగింది.

ఆయనకు అర్థం కాలేదు. "అంటే ఏంటమ్మా?" అన్నాడు.

"అంటే, ఇది ఉండింటే నిన్న ఎవురి కష్టం తప్పిండేదో చెప్పండి సార్. అది చెప్తే మాకు తెలుస్తాది, కావాల్నో వద్దో."

ఆ తర్వాత ఎవరేం మాట్లాడారో నేను సరిగా వినలేదు. మీటింగు అయ్యాక ఆ అమ్మాయిని మెట్ల దగ్గర ఆపి, "ఆ మాట నీకు ఎవరు నేర్పారమ్మా?" అన్నాను.

"ఎవురూ నేర్పల్యా సార్. ఈడ కొత్తది ఏం తెచ్చినా అందరూ అట్లనే అడుగుతారు గదా" అని వెళ్ళిపోయింది.

అందరూ అడగడం తర్వాత వచ్చింది. మొదట్లో ఆ మాట ఒకే ఒక మనిషిది.

ఆమె మా ఆసుపత్రి వదిలి చాలా ఏళ్ళయింది. ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు కాబట్టి ఊరంతా మత్తు డాక్టరమ్మ అనేవారు. ఆమె అసలు పేరు చెప్పి ఎవరైనా గేటు దగ్గర అడిగితే మా వాచ్‌మన్ "ఆ పేరుతో ఈడెవురూ లేరు" అని తిప్పి పంపేవాడు. ఆమెకు అందుకు కోపం వచ్చేది కాదు. "నన్ను చూసినోళ్ళు చూసినట్లే నిద్రపోతారు. పేరు యాడ గుర్తుంటాది?" అనేది.

పొడుగు మనిషి. నేత చీర కట్టుకుని, కాళ్ళకు మగవాళ్ళు వేసుకునే తోలు చెప్పులు వేసేది. పులివెందుల పక్క పల్లెలో రైతుల ఇంట పుట్టింది. ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీది మనిషిని పిలవడానికి తయారైన గొంతు ఆమెది. వార్డులో మాట్లాడితే వరండా చివర కూర్చున్నవాళ్ళు కూడా తిరిగి చూసేవాళ్ళు. కానీ ఆపరేషను బల్లమీద పడుకున్న మనిషి చెవి దగ్గర వంగినప్పుడు ఆ గొంతు ఎక్కడికి పోయేదో తెలియదు. "ఏం మామా, చీనీ తోటకు నీళ్ళు చాలినాయా ఈసారి? కాయ నిలబడిందా?" అని ఊరికే ఇంటి ముందు కూర్చుని మాట్లాడినట్టు అడిగేది. ఆ రైతు తన బత్తాయి కాయ సంగతి చెబుతూ చెబుతూ నిద్రలోకి జారిపోయేవాడు.

మా పెద్దసారుకు మూడు ఊళ్ళలో ఆసుపత్రులు. ప్రొద్దుటూరులోది పెద్దది. జమ్మలమడుగులో, పులివెందులలో ఉన్నవి చిన్నవి. మూడింటికీ మత్తు డాక్టరు ఆమె ఒక్కతే. పొద్దున జమ్మలమడుగు, అక్కణ్ణుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల, సాయంత్రానికి మళ్ళీ ప్రొద్దుటూరు. సగం రోజు కారులోనే గడిచేది. అదొక పాత తెల్ల కారు. దాన్ని నడిపేది ఖాదర్ మామ. ఆమె వెనక సీట్లో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ముందు, ఖాదర్ మామ పక్కన, ఒళ్ళో రెండు స్టీలు డబ్బాలతో కూర్చునేది. ఒకదాన్లో వేయించిన వేరుశనక్కాయలు, ఇంకోదాన్లో వాటి పొట్టు. పొట్టు కిటికీలోంచి విసిరితే ఎంతటివాళ్ళనైనా తిట్టేది.

నేను ఆ మూడు ఆసుపత్రుల్లో కంప్యూటర్ల పని చూసేవాణ్ణి. ఇప్పటికీ అదే పని. ఒకరోజు ప్రొద్దుటూరు బస్టాండులో, జమ్మలమడుగులో మార్చాల్సిన కంప్యూటరును చేతుల మీద పెట్టుకుని నిలబడి ఉన్నాను. తెల్ల కారు వచ్చి ముందర ఆగింది.

"ఏమప్పా, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకోని నిలబడినావు? ఎక్కు" అంది.

ఎక్కాను. వెనక సీట్లో మా హెడ్ నర్సు సుగుణ సిస్టర్ ఉంది. కారు ఊరు దాటింది. డాక్టరమ్మ కాయలు వలుస్తూ అద్దంలోంచి నన్ను చూసింది.

"మొగం ఏంది అట్ల పెట్టుకోనుండావు? కడుపులో నొప్పా?"

ఆ ముక్కకు నాలో ఉన్నదంతా బయటికొచ్చింది. పెద్దసారు ఒకటి చెబుతారు. ఆయన అల్లుడు వారానికొక కొత్త ఆలోచనతో వస్తారు. ముఖం చూసి హాజరు వేసే మిషను కావాలి. టోకెన్ నంబర్లు చూపించే టీవీలు కావాలి. రోగుల కోసం యాప్ కావాలి. మందుల షాపువాళ్ళకు ఒకటి, ల్యాబువాళ్ళకు ఇంకొకటి. అన్నీ మొదలుపెట్టాను, ఒక్కటీ పూర్తి కాలేదు. ఎవరి పని ముందు చేసినా మిగతావాళ్ళకు నామీద కోపమే. బెంగుళూరులో వేరే ఉద్యోగం చూడమని స్నేహితులకు చెప్పిపెట్టాను కూడా. ఇదంతా చెప్పి, చెప్పినందుకు సిగ్గుపడి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆమె ఓదార్చలేదు. "టీవీల సంగతి చెప్పు. అవి లేక నిన్న ఎవురు ఏడ్సినారు?" అంది.

"ఎవరూ ఏడవలేదు మేడం."

"యాప్ లేక?"

"ఎవరూ లేదు."

"మొగం చూసే మిషను లేక?"

సుగుణ సిస్టర్ అందుకుంది. "అది లేక ఎవురూ ఏడ్సలేదు మేడం. వస్తే మాత్రం అందరం ఏడుస్తాం."

ఖాదర్ మామ నవ్వు ఆపుకోలేక కారు నెమ్మది చేశాడు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి, "మరి నిన్న ఏడ్సింది ఎవురు సుగుణా?" అంది.

సిస్టర్ మెల్లగా, "నేనే మేడం" అంది.

ముందురోజు పులివెందుల నుంచి ఒక రోగిని ప్రొద్దుటూరుకు పంపారు. వస్తున్న సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. మంచం ఖాళీగా లేదు, స్ట్రెచర్ తోసే మనిషి భోజనానికి వెళ్ళాడు, రిసెప్షన్లో కొత్త చీటీ రాయించుకోమన్నారు. రోగి కొడుకు కనబడిన మొదటి తెల్ల బట్టల మనిషిని పట్టుకుని నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. ఆ మనిషి సుగుణ సిస్టర్. ఆమె దుప్పట్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది.

"తిట్టినందుకు గాదు మేడం. ఆయప్ప చెప్పింది నిజం. దానికి ఏడుపొచ్చింది."

డాక్టరమ్మ డబ్బా మూత పెట్టేసింది. "విన్నావు గదప్పా. నీ పని ఇది. మిగతావి పడుకోబెట్టు" అంది.

"పెద్దసారు ఒప్పుకోరు మేడం."

"చంపమన్లేదు, పడుకోబెట్టమన్నా. అవసరమైతే అవే లేస్తాయి."

ఆ రోజు నుంచి ఆ కారు మాకు మీటింగు గది అయింది. ఎవరూ అనుకుని పెట్టింది కాదు. ఏ ఊరికి పని పడినవాళ్ళు ఆ ఊరి దాకా ఎక్కేవాళ్ళు. నేను, సుగుణ సిస్టర్, ల్యాబు టెక్నీషియన్ మధు తరచుగా ఉండేవాళ్ళం. జమ్మలమడుగులో కాన్పుల వార్డు చూసే నర్సు ఓబులమ్మ ఇంటికి పోతూ కొంత దూరం వచ్చేది. అంతకు ముందు ఓబులమ్మ, మధు ఫోన్లో పోట్లాడుకోవడమే తప్ప ఒకరినొకరు చూసుకున్నది లేదు. రక్తం శాంపిళ్ళ మీద పేర్లు సరిగా రాయరని అతని కోపం, రిపోర్టులు ఆలస్యం చేస్తారని ఆమె కోపం. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, మధ్యన శనక్కాయల డబ్బా పెట్టి, "ఇప్పుడు కొట్లాడుకోండి" అంది డాక్టరమ్మ. ముద్దనూరు చేరేసరికి వాళ్ళిద్దరూ కలిసి నన్ను తిడుతున్నారు. శాంపిల్ చీటీలో పేరు రాసే గడి అంత చిన్నదిగా పెట్టింది నేనేనని తేలింది.

ఎవరి ఆలోచన అయినా ముద్దనూరు చేరేలోపల చెప్పేయాలి. ముద్దనూరులో టీ తాగాక మిగతావాళ్ళు మాట్లాడాలి, చెప్పినవాళ్ళు నోరు మూసుకుని వినాలి. ఇదొక్కటే అక్కడి పద్ధతి. ఆమె ఆలోచనకూ మినహాయింపు ఉండేది కాదు. ఆమెకొక కోరిక ఉండేది. ఆపరేషను జరుగుతున్నంతసేపూ రోగి నాడి, బీపీ వాటంతటవే ఎక్కే పలక లాంటి కంప్యూటరు ఒకటి కావాలని. దాని గురించి ఎంతో ఇష్టంగా, చేతులు తిప్పుతూ చెప్పింది. ముద్దనూరు దాటాక సుగుణ సిస్టర్ గొంతు సవరించుకుంది.

"అది లేక నిన్న ఎవురు ఏడ్సినారు మేడం?"

డాక్టరమ్మ చాలా దూరం రోడ్డు వైపే చూసింది. "నాది గూడా పడుకోబెట్టప్పా" అంది చివరికి. అని, పులివెందుల చేరేదాకా ఎవరికీ ఒక్క కాయ కూడా పెట్టలేదు. అంత పెద్ద డాక్టరు, మూతి ముడుచుకుని కూర్చుంది. దిగేటప్పుడు డబ్బా సిస్టర్ ఒళ్ళో పడేసి, "తిను. నువ్వే గెల్చినావు" అని విసవిసా లోపలికి వెళ్ళింది.

ఆమె లెక్క అన్నిసార్లూ సరిగ్గా ఉండేదని కాదు. ల్యాబు రిపోర్టులు రోగుల ఫోన్లకు పంపుదామని మధు అంటే, "కాగితం చాలు" అని తోసేసింది. కొన్నాళ్ళకు బ్రహ్మంగారిమఠం దగ్గరి పల్లె నుంచి ఒక ముసలామె, కేవలం రిపోర్టు కాగితం కోసం ఎండలో బస్సులు మారి రావడం చూసింది. మర్నాడు కారెక్కుతూనే, "మధూ, తప్పు నాది. నీదాన్ని లేపు" అంది. అంతే. సంజాయిషీ చెప్పడం, బాధపడటం ఏమీ లేవు.

అసలు గండం అల్లుడుసారు దగ్గర వచ్చింది. ఆయన పెద్దసారు అల్లుడు. విజయవాడ వైపు మనిషి, ఆసుపత్రులు నడపడం గురించి చదువుకున్నవాడు. మంచివాడే గానీ తొందర ఎక్కువ. రోగుల యాప్ కోసం ఒక కంపెనీని మాట్లాడేశారు. అది మొదలైతే మరో ఏడాది దాకా నాకు వేరే పనికి చెయ్యి ఖాళీ ఉండదు. డాక్టరమ్మ మీటింగులో అడ్డం తిరుగుతుందని అందరం ఎదురుచూశాం.

"ప్రపంచమంతా ఇప్పుడు యాప్‌ల మీదే నడుస్తోందండీ మేడం" అన్నారాయన.

"నడవనీ సార్. రేపు నా కార్లో రాండి. మనోళ్ళు దేనిమీద నడుస్తాండారో చూద్దురు" అంది. ఇంకేమీ అనలేదు.

మర్నాడు ఆయన నిజంగానే వచ్చారు. ఇస్త్రీ చొక్కాతో, సుగుణ సిస్టర్‌కూ నాకూ మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. పులివెందుల చేరేసరికి, ట్రాక్టరు మీంచి పడి తుంటి విరిగిన ఒక పెద్దాయనను ప్రొద్దుటూరుకు పంపుతున్నారు. డాక్టరమ్మ నొప్పి తగ్గడానికి సూది వేసి, ఖాదర్ మామతో, "మామా, అంబులెన్స్ వెనకాలే పో" అంది. ఆమె పని ఆమెకుంది. మమ్మల్ని మాత్రం పంపింది.

ప్రొద్దుటూరు గేటు దగ్గర జరిగింది ఎప్పుడూ జరిగేదే. ఎక్కణ్ణుంచి, ఎవరు పంపారు, చీటీ ఏది. ఎక్స్‌రే మళ్ళీ తీయాలన్నారు. ఆ పెద్దాయన భార్య, దగ్గరలో నిలబడిన అల్లుడుసారును ఆసుపత్రి మనిషిగా గుర్తుపట్టింది.

"ఏమప్పా, అంతా ఆ ఊర్లో చెప్పినాం గదా. మల్ల మొదట్నుంచి చెప్పాల్నా? మీది ఒగే ఆసుపత్రి గాదా?"

ఆయన వంగి, స్ట్రెచర్ ఒక పక్క తానే పట్టుకున్నారు.

మర్నాడు పిలవకుండానే కారెక్కారు. ఊరు దాటాక, "యాప్ సంగతి తర్వాత చూద్దామండీ. ముందు మీరు చెప్పేది చేద్దాం. మామయ్యగారితో నేను మాట్లాడతాను" అన్నారు. ఇప్పుడు ఈమె ఏదో ఒక చురక వేస్తుందని నేను భయపడ్డాను. ఆమె వెనక్కి తిరిగి కాయల డబ్బా ఆయన చేతికిచ్చి, రెండో డబ్బా చూపించింది. "పొట్టు దీంట్లో వెయ్యండి సార్" అంది.

ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తింటుంటే మా ఆవిడ, "ఏంది ఈ పొద్దు, అడిగి పెట్టించుకుంటాండావు?" అంది. అంతకు ముందు ఎన్నాళ్ళుగా తిన్నానో తినలేదో నాకే గుర్తులేదు. ఇన్ని పనుల్లో ఒక్కటే చెయ్యి అని నాకు చెప్పినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. బెంగుళూరు స్నేహితులకు ఫోన్ చేసి వద్దని చెప్పాను.

మేం చేసినదానికి 'ముందు కబురు' అని పేరు పెట్టుకున్నాం. ఒక ఊరి నుంచి రోగిని పంపేముందు అక్కడి నర్సు నాలుగు సంగతులు కంప్యూటర్లో కొడుతుంది. వచ్చేది ఎవరు, ఏమైంది, రక్తం గ్రూపు ఏది, ఇక్కడ ఏం సిద్ధంగా ఉండాలి. నేను మొదట పేజీడు ప్రశ్నలు పెట్టాను. సుగుణ సిస్టర్ చూసి, "చేతికి రక్తం అంటుకోనుంటాది సార్. ఇన్ని ఎవురు కొడతారు?" అని దాదాపు అన్నీ తీసేయించింది. కబురు రాగానే ప్రొద్దుటూరులో గంట మోగాలి. ఇక్కడివాళ్ళు 'చూశాం' అని నొక్కేదాకా మోగుతూనే ఉండాలి. అది ఎలాంటి గంట అనేదాని మీద కారులో వాదన నడిచింది. ఆసుపత్రిలో మోగే మిషన్లకు లోటు లేదు, ఇంకొకటి మోగినా ఎవరూ పట్టించుకోరు. "కుక్కర్ కూత పెట్టండమ్మా. అది వింటే ఎవురైనా లేస్తారు" అన్నాడు ఖాదర్ మామ. అదే పెట్టాం. మొదటిసారి కూసినప్పుడు వరండాలో కూర్చున్న ఆడవాళ్ళంతా వంటిల్లు ఎక్కడుందా అని చుట్టూ చూశారు.

కొన్ని నెలలు బాగా నడిచింది. తర్వాత ఒక వానాకాలం మధ్యాహ్నం, నేను ప్రొద్దుటూరులో కింద గదిలో ఉండగా మధు మెట్లమీద నుంచి పరుగెత్తుకుంటూ దిగాడు. "కబురు రాలేదా నీకు? జమ్మలమడుగు నుంచి కాన్పు కేసు. రక్తం ఆగడంల్యా. ఓబులమ్మ ఫోన్ చేసింది" అంటూ రక్తనిధి వైపు పరుగెత్తాడు.

నేను తెర వైపు చూశాను. ఏమీ లేదు. వానకు జమ్మలమడుగులో ఇంటర్నెట్ లైను తెగిపోయింది. అక్కడ ఓబులమ్మ అన్నీ కొట్టింది. ఇక్కడి నుంచి 'చూశాం' అనే మాట తిరిగి రాలేదు. ఆమె ఇంకాసేపు చూద్దామనుకోలేదు. రిసెప్షన్‌కు ఫోన్ చేయలేదు, మేనేజరుకు చేయలేదు. నేరుగా మధుకు చేసింది. "మధూ, ఓ పాజిటివ్. శానా కావాల. నేను బిడ్డను చూసుకుంటా, తల్లిని పంపుతాండా" అని పెట్టేసింది. మధు డాక్టరమ్మకు చెప్పాడు, సుగుణ సిస్టర్ స్ట్రెచర్‌తో గేటు దగ్గర వానలో నిలబడింది. అంబులెన్స్ వచ్చేసరికి ఆపరేషను గది తలుపులు తెరిచి ఉన్నాయి.

నాకు చేయడానికి ఏమీ లేదు. ఆపరేషను గది బయట మెట్లమీద కూర్చున్నాను. పక్కన ఆ బాలింత భర్త కూర్చున్నాడు. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు మూటలు ఎత్తే పనట. బట్టలు తడిసి ఒంటికి అతుక్కున్నాయి. చేతిలో ఆమె చెప్పులున్నాయి. వాటిని ఎందుకు తెచ్చాడో అతనికే తెలియదు.

"నువ్వు డాక్టరా అన్నా?" అన్నాడు.

"కాదు. కంప్యూటర్లు చూస్తాను."

"ఐతే దాంట్లో చూడన్నా, ఏమైతాదో."

అతని భుజం మీద చెయ్యి వేశాను. ఎంతసేపో తెలియదు, అలాగే కూర్చున్నాం. వాన తగ్గింది. సుగుణ సిస్టర్ రెండుసార్లు బయటికొచ్చి, మా వైపు చూడకుండానే లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత తలుపు తెరుచుకుని మత్తు డాక్టరమ్మ వచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాగింది. గౌనంతా మరకలు. అతను లేచి నిలబడ్డాడు. ఆమె ఆ పొలం గట్ల గొంతుతో వరండా మొత్తం వినబడేలా చెప్పింది:

"ఏమప్పా, నీ పెండ్లాం లేచింది. నీళ్ళు కావాలంటాంది. ఇప్పుడే ఇయ్యం, ఆగమని చెప్పినా. నామీద కోపం చేసుకోనుంది. పోయి సర్దిచెప్పు."

అతను నవ్వాడో ఏడ్చాడో. రెండూ ఒకటే అయిపోయాయి. చెప్పులు చేతిలో పట్టుకునే లోపలికి పరుగెత్తాడు.

ఆ సాయంత్రం మా అందరికీ పండగే. మధు అందరికీ టీ పోయించాడు. "మనుషులుంటే చాలు, మిషన్లు ఎందుకు?" అని ఎవరో అన్నారు. నా మనసులో కూడా అదే ఉంది. కూత రాలేదన్న సంగతి ఆ సంతోషంలో అందరం మరిచిపోయాం. నేనైతే మరిచిపోవాలనే అనుకున్నాను.

మర్నాడు కారెక్కాం. ఇంకా ఆ ముచ్చటే నడుస్తోంది. డాక్టరమ్మ డబ్బా మూత తీయలేదు.

"నిన్న మనకు బాగా కలిసొచ్చింది" అంది. "ఓబులమ్మ డ్యూటీలో ఉండింది. మధు ఫోన్ ఎత్తినాడు. నేను ప్రొద్దుటూర్లోనే ఉన్నా. కలిసొచ్చేదాన్ని మనం జీతమిచ్చి పెట్టుకోలేం గదా. రేపు ఓబులమ్మ సెలవు పెడ్తే ఎట్ల? కూత ఎందుకు రాలేదప్పా? అది చెప్పు."

కారులో నవ్వులు ఆగిపోయాయి. మొదట నాకు కోపమొచ్చింది. ఒక్కరోజైనా సంతోషంగా ఉండనివ్వదా అనిపించింది. కానీ ఆమె ముఖం చూస్తే నిద్ర లేనట్టు తెలుస్తోంది. రాత్రంతా ఆమె ఆ లేని కూతనే తలచుకుని ఉంటుంది. ముద్దనూరు చేరేలోపల మేమొక నిర్ణయానికొచ్చాం. లైను తెగినా, జవాబు రాకపోయినా, పంపేవాళ్ళ తెర ఎర్రగా మారి, ఎవరికి ఫోన్ చేయాలో పేర్లతో సహా చూపించాలి. ఓబులమ్మ తనంతట తాను చేసినదాన్ని, రేపు కొత్తగా చేరే నర్సు కూడా చేసేటట్టు పెట్టాలి. రెండో లైను సంగతి అల్లుడుసారు తానే చూసుకుంటానన్నారు. అంతా అయ్యాక ఆమె డబ్బా మూత తీసింది. "ఇప్పుడు చెప్పండి, నిన్న ఆ పిల్లోడు చెప్పులు పట్టుకోనే లోపలికొచ్చినాడు, చూసినారా?" అని మొదలుపెట్టి, పులివెందుల దాకా నవ్వుతూనే ఉంది.

తర్వాత ఆమె కర్నూలు వైపు ఒక వైద్య కళాశాలలో పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోయింది. ఖాదర్ మామ కూడా పని మానేశాడు. పోయిన ఏడాది సుగుణ సిస్టర్ ఒక కబురు తెచ్చింది. డాక్టరమ్మకు క్యాన్సర్ అట, రొమ్ము తీసేశారట, మందులు ఎక్కిస్తున్నారట. ఆమెకు ఫోన్ చేయాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఏమని అడగాలి? ఎత్తేది ఆమె కాకపోతే? వేరే ఎవరో ఎత్తి ఇంకేదో చెబితే? ఆ భయంతో నెలలు గడిచిపోయాయి.

సోమవారం ఆ కమలాపురం అమ్మాయి వెళ్ళిపోయాక ఇంక ఆగలేకపోయాను. జనరేటరు గది పక్కన అరుగు మీద కూర్చుని ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేయడానికి ధైర్యం చాల్లేదు. లేచి రెండడుగులు వేశానో లేదో, ఫోన్ మోగింది.

"ఏమప్పా కంప్యూటరూ! బతికుండానో లేదో చూద్దామని చేసినావా?"

నేను మళ్ళీ అరుగు మీద కూర్చుండిపోయాను.

"బతికే ఉండా లే. మందులన్నీ అయిపోయినాయి. పోయిన వారం చూసి, ఇంక ఆర్నెల్లకొగసారి రమ్మన్నారు. చెప్పు, ఏమైంది? ఎవురికన్నా బాగలేదా?"

"అందరూ బాగున్నారు మేడం. ఊరికే చేశాను."

"ఊరికే చేసినావా? మంచిదప్పా. అందరూ సావు మొగాలేసుకోనే చేస్తాండారు." కాసేపు ఆగి, గొంతు తగ్గించింది. ఏదో రహస్యం చెప్పబోతున్నట్టు. "ఒగటి చెప్తా విను. జుట్టంతా ఊడిపోయిండె గదా, మల్ల వచ్చింది. ఇన్నేళ్ళూ చీపురు పుల్లల మాదిరి ఉండిన జుట్టు, ఈసారి ఉంగరాలు తిరిగి వచ్చిందప్పా! దువ్వెన దిగడంల్యా. మా ఆయన పొద్దున్నే కాఫీ తెచ్చి, ఎవురమ్మా మీరు, ఎవురింటికొచ్చినారు అంటాండాడు."

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"వింటాండావా?"

"వింటున్నా మేడం."

"వింటే నవ్వాల గదప్పా" అంది.

నవ్వాను. గేటు దగ్గరున్న వాచ్‌మన్ తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను.